సోలార్ కంపెనీలకు సర్కారు అప్పు: చర్చలో మరుగున పడ్డ ధర సంగతి

అమెరికాలో సోలిండ్రా అనే సోలార్ కంపెనీ తీసుకున్న 53.5 కోట్ల డాలర్ల అప్పుకు 2009లో అక్కడి ప్రభుత్వం హామీ ఇచ్చింది. 2011లో కంపెనీ దివాలా తీసింది. టీవీల్లో, పేపర్లలో గొడవంతా ఎవరి పలుకుబడితో అప్పు పుట్టిందన్న దాని మీదే. దెబ్బ కొట్టింది మాత్రం ధర. దాని గొట్టపు ప్యానెళ్లకు ఖరీదైన సిలికాన్ అక్కర్లేదు. సిలికాన్ రేటు పడిపోగానే మామూలు ప్యానెళ్లే చవకయ్యాయి. అదే ఇంధన శాఖ దగ్గర అప్పు చేసిన కార్ల కంపెనీ టెస్లా 2013లో మొత్తం తీర్చేసింది. దాని మీద అంత గోల లేదు లెండి.

మన కుసుమ్ పంపు విషయానికొస్తే, సబ్సిడీ పోను మిగతాదానికి బ్యాంకు అప్పు తీసుకుంటే అది రైతు పేరు మీదే. కంపెనీ మూతపడినా కిస్తీ ఆగదు. అయిదేళ్ల మరమ్మతు ఎవరు చూస్తారో, సర్వీసు సెంటర్ ఎక్కడుందో సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోండి.