రెండు కిలోమీటర్ల ట్రాక్ చాలు

కోయంబత్తూరు శివారు చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. ఒక చుట్టు 2.1 కిలోమీటర్లే. మారుతి ఇంజన్‌తో తక్కువ ఖర్చులో రేసు కార్లు తయారుచేసి, ఎందరికో ఈ ఆటను దగ్గర చేసిన ఎస్. కరివర్ధన్ పేరు మీద 2003లో తెరిచిన ట్రాక్ ఇది. ఇలాంటి చిన్న ట్రాక్‌లో ఔత్సాహిక బైక్ రేసర్ వారాంతం ఎలా గడుస్తుందో గమనిస్తే, వేగం గురించి మనకున్న అభిప్రాయాలు కొన్ని మార్చుకోవాల్సి వస్తుంది. అక్కడ పది ల్యాప్‌ల రేసంటే 21 కిలోమీటర్లు. పావుగంట అటూ ఇటూగా అయిపోతుంది. మిగతా రెండు మూడు రోజులూ తనిఖీలకు, సాధనకు, ఎదురుచూపుకే పోతాయి. బండి నుంచి అద్దాలు, ఇండికేటర్లు, స్టాండ్లు విప్పేస్తారు. ఆయిల్ బోల్టు ఊడి ట్రాక్ మీద చమురు పడకుండా దానికి తీగ చుట్టి బిగిస్తారు. హెల్మెట్, తోలు సూట్, గ్లోవ్స్, బూట్లు ఒక్కొక్కటీ అధికారులు చేత్తో పట్టుకుని చూస్తారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఎవరినీ దాటకూడదు. ఎర్ర జెండా కనిపిస్తే అందరూ నెమ్మదించి వెనక్కి రావాలి. నంబరుతో నల్ల జెండా చూపితే ఆ రైడర్ ట్రాక్ వదిలి రావాల్సిందే. ఈ నియమాలకు తలవంచనివాడికి అక్కడ ఎంత వేగమున్నా చోటు లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి చిన్న ట్రాక్ అవసరం ఎంతో ఉందని, దాన్ని క్రీడా మైదానంగానే గుర్తించి కట్టాలని నా వాదన.

ఎందుకంటే వేగం మీద మోజు మన దగ్గర కొత్తగా పుట్టించాల్సింది కాదు. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో, విశాఖ బీచ్ రోడ్డులో రాత్రిపూట కుర్రాళ్లు బైక్ పందేలు వేయడం, పోలీసులు బండ్లు పట్టుకోవడం వార్తల్లో మళ్లీ మళ్లీ చూస్తున్నదే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. మొత్తం మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డాయి. ఇవన్నీ పందేల వల్ల జరిగాయని అనడం లేదు. పనికి వెళ్తూ, ఇంటికి వస్తూ పోయినవాళ్లే ఎక్కువ. అయితే వేగం ఎంత ఖరీదైనదో ఈ అంకెలు చెబుతున్నాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు దాటుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. రోడ్డు మీద ఆ దూరంలో డివైడర్ ఉంటుంది, కరెంటు స్తంభం ఉంటుంది, కుక్క అడ్డం రావచ్చు, ఆటో తిరగవచ్చు, రోడ్డు దాటే పెద్దాయన ఉండవచ్చు. ట్రాక్ మీద అందరూ ఒకే దిశలో వెళ్తారు. మలుపు దాటితే పడి జారడానికి ఖాళీ నేల ఉంటుంది. ప్రతి మలుపు దగ్గరా మార్షల్ ఉంటాడు, పక్కన అంబులెన్స్ సిద్ధంగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అక్కడ ప్రమాదాన్ని తలకెత్తుకున్నవాడు తెలిసి ఎత్తుకున్నాడు. రోడ్డు మీద దాన్ని మోసేది ఏ పాపం ఎరుగని మూడో మనిషి.

చట్టం గట్టిగా అమలు చేస్తే చాలదా అని అడగవచ్చు. అమలు చేయాల్సిందే, అందులో రాజీ వద్దు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద బహిరంగ ప్రదేశంలో పందెం వేస్తే మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కానీ అదే సెక్షన్‌ను శ్రద్ధగా చదవాలి. రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా వేసే పందేన్నే అది నేరమంటోంది. అంటే వేగాన్ని పోటీగా ఆడే చోటు ఒకటి ఉండవచ్చని చట్టం రాసినవాళ్లే ఊహించారు. ఆ చోటు చూపించకుండా వద్దని మాత్రమే చెప్పడం, మైదానం లేని ఊళ్లో పిల్లల్ని వీధిలో క్రికెట్ ఆడొద్దని తిట్టడం లాంటిది. పైగా ట్రాక్ నేర్పేది చలానా నేర్పలేదు. ఒకే మలుపును వందసార్లు తిరిగినవాడికి తన బ్రేకు ఎక్కడ మొదలవ్వాలో, టైరు ఎక్కడ పట్టు వదులుతుందో తెలుస్తుంది. అక్కడి గడియారం మొహమాటపడదు. వీధిలో తానే వీరుడనుకున్నవాడు తనకన్నా ఎన్నో సెకన్లు ముందున్న సాదాసీదా మనిషిని చూసి తన హద్దు తెలుసుకుంటాడు.

ఇక్కడే బలమైన అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. ట్రాక్ మీద అలవాటైన వేగం రోడ్డు మీదికి రాదా? ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 1974లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు కారు రేసింగ్ లైసెన్సు ఉన్నవారి రోడ్డు రికార్డులను సాధారణ డ్రైవర్ల రికార్డులతో పోల్చి చూశారు. నైపుణ్యం ఎక్కువ ఉన్న రేసర్ల పేరు మీదే వేగ ఉల్లంఘనలూ ప్రమాదాలూ ఎక్కువగా కనిపించాయి. కాబట్టి ట్రాక్ కడితే రోడ్లు వాటంతటవే సురక్షితమవుతాయని ఎవరైనా చెబితే నమ్మకూడదు. వేగం ఇష్టపడేవాడే రేసింగ్‌కు వస్తాడు గనుక ఆ ఫలితం కొంత ముందే ఊహించదగ్గది. అయినా అందులోని పాఠం నిజమే. నైపుణ్యం ఒక్కటే మనిషిని మార్చదు, దానికి షరతు తోడవ్వాలి. అందుకే ట్రాక్‌ను రోడ్డు భద్రతకు మందుగా కాకుండా, షరతులున్న మైదానంగా కట్టాలంటున్నాను. చెల్లించని వేగం చలానా ఉన్నవాడికి, రోడ్డు పందెంలో పట్టుబడ్డవాడికి ఆ సీజన్ ఎంట్రీ ఉండకూడదు. నంబరు కొడితే చలానాలు ఫోన్‌లోనే కనిపిస్తున్న రోజుల్లో ఇది కష్టమేమీ కాదు. రేసు ఆడాలన్న ఆశే రోడ్డు మీద పద్ధతిగా ఉండటానికి కారణమైతే, ఆ ఆశకు అంతకన్నా మంచి ఉపయోగం లేదు.

ట్రాక్ మీదా ప్రాణాలు పోతాయి కదా అన్నది మరో మాట. పోతాయి. 2023 ఆగస్టులో చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌పై జాతీయ బైక్ రేసింగ్ చాంపియన్‌షిప్‌లో పదమూడేళ్ల బెంగళూరు బాలుడు పడిపోయి చనిపోయాడు. ఆ బిడ్డ మరణాన్ని ఒక వాక్యంలో చెప్పి దాటేయడం తప్పు. ఏ వయసువారిని ఎంత శక్తి ఉన్న బండి మీద, ఎంతమందితో కలిపి వదలాలన్నది ప్రతి నిర్వాహకుడూ తనను తాను అడగాల్సిన ప్రశ్న. బ్రిటన్ క్లబ్బు రేసుల్లో కొత్తవాళ్లు ముందు శిక్షణ పూర్తి చేయాలి. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు నారింజ రంగు చొక్కా వేసుకునే ట్రాక్ ఎక్కుతారు. వెనక వచ్చేవాడు ఆ రంగు చూసి జాగ్రత్తపడతాడు. కొత్తవాణ్నని ఒప్పుకోవడంలో అక్కడ నామోషీ లేదు. చిన్న ట్రాక్‌కు ఇక్కడో మేలుంది. సూటి దారులు పొట్టిగా, మలుపులు దగ్గరగా ఉంటే తక్కువ సీసీ బండి మీద గరిష్ఠ వేగం తగ్గుతుంది, నేర్పు అవసరం మాత్రం పెరుగుతుంది. నేర్చుకునేవాడికి కావాల్సింది అదే.

ఇది డబ్బున్నవాళ్ల సరదా, దీనికి ప్రభుత్వ భూమి ఎందుకని అడిగేవాళ్లకూ సమాధానం చెప్పాలి. లీటర్ ఇంజన్ బైకుల లోకం ఖరీదైనదే. కానీ మన దేశంలో టీవీఎస్, రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి కంపెనీలు నడిపే వన్ మేక్ పోటీల్లో బండ్లు కంపెనీవే, అందరికీ ఒకేలాంటివే. రైడర్ ఫీజు కట్టి, తన రక్షణ సామగ్రి తెచ్చుకుంటే సరిపోతుంది. నిజానికి దూరమే పేదవాణ్ని ఆపుతోంది. హైదరాబాద్ కుర్రాడు చెన్నై ట్రాక్ చేరాలంటే 600 కిలోమీటర్లకు పైగా వెళ్లాలి, కోయంబత్తూరు ఇంకా దూరం. ట్రాక్ ఉంటే రేసర్లే కాదు, మెకానిక్‌లు తయారవుతారు, మార్షల్‌గా పనిచేసే కాలేజీ పిల్లలు క్రమశిక్షణ నేర్చుకుంటారు. ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా కట్టిన కార్లతో పోటీపడే ఫార్ములా భారత్‌కు కరి ట్రాకే వేదికయింది. శబ్దం నిజమైన సమస్యే. ఊరికి దూరంగా స్థలం చూసి, పగటి వేళలకే పరిమితం చేసి, సైలెన్సర్ శబ్దానికి కొలత పెడితే దాన్ని అదుపులో ఉంచవచ్చు.

డబ్బు లేదనడానికి కూడా లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున నగర రోడ్లనే ట్రాక్‌గా మార్చి ఫార్ములా-ఈ కార్ల రేసు జరిపారు. మరుసటి ఏడాది అది రద్దయింది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ 2011 నుంచి 2013 దాకా మూడేళ్లే సాగింది. అక్కడే 2023లో వచ్చిన మోటోజీపీ మరుసటి ఏడాది రాలేదు. పెద్ద రేసులు వచ్చిపోయే చుట్టాలు. 1990లో మొదలైన ఇరుంగట్టుకోట్టై ట్రాక్, 2003 నాటి కరి ట్రాక్ మాత్రం ఇప్పటికీ కుర్రాళ్లకు పాఠం చెబుతున్నాయి. ఒక్క పూట వెలుగు కోసం నగరాన్ని మూసేయగలిగిన మనం, ప్రతి వారం తెరిచి ఉండే రెండు కిలోమీటర్ల ట్రాక్‌కు ఒక్కో రాష్ట్రంలో ఒక్క చోటు చూపలేమా?

ఆదివారం సాయంత్రం పోటీ ముగిశాక రేసు బండి దానంతటది ఇంటికి పోలేదు. దానికి హెడ్‌లైట్ లేదు, అద్దాలు లేవు, రోడ్డెక్కే అర్హతే లేదు. తాళ్లతో కట్టి వ్యానులోకి ఎక్కించాల్సిందే. వేగాన్ని ట్రాక్ దగ్గరే దించి రావడమంటే అది. మన కుర్రాళ్లకు దించే చోటే లేదు. అందుకే దాన్ని మోసుకుని రోడ్ల మీద తిరుగుతున్నారు.