వేలు పెట్టేది మనం, మిషిన్ చేసేది ఎవరు?



సెన్సర్లు, ముట్టుకుంటే పనిచేసే మిషిన్లు అంటే హైదరాబాదోళ్ల ముచ్చట అని మనోళ్లు చాలామంది అనుకుంటరు. నేను ఒప్పుకోను. రేషన్ షాపుల వేలిముద్ర మిషిన్ ఏంది మరి? మన చేతికి, ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కు నడుమ ఉన్నది అదే కదా. ఉపాధి హామీ పనికాడ 2023 జనవరి 1 నుంచి హాజరు కూడా ఫోన్‌ల ఫొటో తీసే వేస్తున్నరు.

కాని ఈ మిషిన్లు మన చేతులు చూసి చేసినవి కావు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఆడోళ్లు ఏండ్లకేండ్లు బీడీలు చుడతరు, పత్తి ఏరుతరు, నాట్లు వేస్తరు. వేళ్ల మీది గీతలు అరిగిపోతయి. మా యాడి వేలు ఒక నెల మూడు రోజులు తిరిగితే గాని పడలే. తప్పు ఆమె వేలుదా? వేలిముద్ర పడలేదని బియ్యం ఆపొద్దని కేంద్రం 2017 అక్టోబర్‌లనే రాష్ట్రాలకు రాసింది. ఆ సంగతి లైన్ల నిలబడ్డ ముసలామెకు ఎవరు చెప్పాలె?

"మనకు గంత చదువు ఏడిది" అనకుండ్రి. కంప్యూటర్‌కు మగ్గం పెద్దవ్వ లెక్క. 1804లో ఫ్రాన్స్‌ల జకార్డ్ అనే ఆయన అట్టముక్కల రంధ్రాలతోని మగ్గం నడిపిండు. రంధ్రం ఉంటే పోగు లేస్తది, లేకుంటే లేవది. కంప్యూటర్ల పంచ్ కార్డులు ఆ దారిలనే వచ్చినయి. గూగుల్ 2015లో ప్రాజెక్ట్ జకార్డ్ అని ఆ పేరే పెట్టి, 2017లో లీవైస్‌తోని కలిసి చెయ్యి మీద తడితే ఫోన్ పలికే జాకెట్ తెచ్చింది. మన సిరిసిల్ల నేతన్న వెల్ది హరిప్రసాద్ జీ20 లోగో నేసి పంపితే 2022 నవంబర్‌ల ప్రధాని మన్ కీ బాత్‌ల చెప్పిండు. అద్దాలు, గవ్వలు పెట్టి కాంచళి కుట్టే మన యాడీల చేతులల్ల లెక్క తక్కువున్నదా?

అందుకే నా మాట ఒక్కటే. మిషిన్ ముందట నిలబడుడు కాదు, మిషిన్ చేసే కాడికి పోవాలె. నాచుపల్లి జేఎన్టీయూల, పాలిటెక్నిక్‌లల్ల చదివే మనోళ్లు మినీ ప్రాజెక్టుకు నెట్‌ల దొరికింది దించకుండ్రి. అరిగిన వేలుకు రెండో దారి చూపే మిషిన్, గోండి, లంబాడీల మాట్లాడి చెప్పే మిషిన్ పట్టుకోండ్రి. నమూనా చేసుకునేటందుకు హైదరాబాద్‌ల టీ-వర్క్స్ ఉన్నది.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసి ఒక్క ముచ్చట అడుగుండ్రి: "ఏ మిషిన్ కాడ ఇబ్బంది అయితుంది?" ప్రాజెక్టు అక్కడనే దొరుకుతది.