సబ్‌వూఫర్ స్పీకర్ మార్చే ముందు ఐదు సంఖ్యలు కావాలి

హోమ్ థియేటర్ కొన్న కొన్నేళ్లకు సబ్‌వూఫర్ మొరాయించడం చాలా ఇళ్లలో చూసేదే. బేస్ వచ్చినప్పుడల్లా గరగరమంటుంది, లేదా పూర్తిగా మూగబోతుంది. పెట్టె గట్టిగానే ఉంటుంది, యాంప్లిఫయర్ పనిచేస్తూనే ఉంటుంది. పాడైంది లోపలి స్పీకర్ ఒక్కటే. దాన్ని మార్చుకుందామని బజారుకు వెళితే తరచూ వినిపించే సలహా ఇది: ‘ఎలాగూ మారుస్తున్నారు కదా, ఎనిమిది ఇంచీల బదులు పది ఇంచీలది వేయించుకోండి. వాట్లు కూడా ఎక్కువ.’ చెక్కకున్న రంధ్రం కాస్త పెద్దది చేస్తే సరిపోతుందని కూడా చెబుతారు.

అలా డబ్బు పోసి బిగించిన స్పీకర్ పాతదానికంటే పేలవంగా మోగితే తప్పు ఎవరిది? కొన్నవారిని, బిగించినవారిని తప్పుపట్టడం తేలిక. కానీ పెట్టెకు సరిపోయే స్పీకర్‌ను ఎంచుకోవడానికి అవసరమైన సమాచారం వాళ్లిద్దరి దగ్గరా లేదు. అది తయారీదారు దగ్గర ఉంది. ఆ సమాచారం మొత్తం కలిపితే ఐదు సంఖ్యలు. వాటిని ప్రతి సబ్‌వూఫర్ వెనుక ముద్రించడం తప్పనిసరి చేయాలన్నది నా వాదన.

పెట్టెలోని గాలి కూడా స్ప్రింగే

మనం వాడే స్పీకర్ల పద్ధతి 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ వివరించిన నమూనా నుంచి పెద్దగా మారలేదు. అయస్కాంతం సందులో ఒక తీగచుట్ట, దానికి అతికించిన కోన్. చుట్టలో విద్యుత్తు మారుతున్నకొద్దీ కోన్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. కోన్‌ను పట్టి ఉంచే అంచు, దాని వెనుకనున్న ముడతల గుడ్డ కలిసి స్ప్రింగులా పనిచేస్తాయి. ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో చదువుకున్న స్ప్రింగుకు కట్టిన బరువే ఇది. కాబట్టి దీనికీ ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. దాని కిందికి వెళ్లేకొద్దీ శబ్దం వేగంగా తగ్గిపోతుంది.

ఈ స్పీకర్‌ను మూసిన పెట్టెలో బిగిస్తే, కోన్ వెనుక చిక్కుకున్న గాలి రెండో స్ప్రింగు అవుతుంది. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి నొక్కితే ఆ బిగువు ఎలా ఉంటుందో తెలుస్తుంది. పెట్టె ఎంత చిన్నదైతే బిగువు అంత ఎక్కువ. బిగువు పెరిగితే సహజ పౌనఃపున్యం పైకి జరుగుతుంది, లోతైన బేస్ పోతుంది. 1954లో ఎడ్గార్ విల్చర్ ఈ గాలి స్ప్రింగునే ఆధారంగా చేసుకుని చిన్న పెట్టెలోంచి మంచి బేస్ రాబట్టారు. ఆ తర్వాత 1961లో నెవిల్ థీల్, 1970ల తొలినాళ్లలో రిచర్డ్ స్మాల్ ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధనతో స్పీకర్‌కూ పెట్టెకూ ఉన్న సంబంధం లెక్కల్లోకి వచ్చింది. ఏ స్పీకర్ ఏ పెట్టెలో ఎలా మోగుతుందో చెక్క కోయకముందే కాగితం మీద తేల్చవచ్చు. ఆ కొలతలనే నేటికీ థీల్-స్మాల్ పరామితులు అంటున్నారు.

సామాన్య వినియోగానికి ఐదు సంఖ్యలు చాలు. ఒకటి, స్పీకర్ సహజ పౌనఃపున్యం. రెండు, దాని స్ప్రింగుకు సమానమైన బిగువు ఎన్ని లీటర్ల గాలికి ఉంటుందన్నది. దీన్నే వీఏఎస్ అంటారు. మూడు, మొదలైన ఊపు ఎంత త్వరగా అణగుతుందో తెలిపే క్యూటీఎస్. నాలుగు, ఇంపిడెన్స్. ఐదు, కోన్ అదుపు తప్పకుండా ఎన్ని మిల్లీమీటర్లు కదలగలదన్నది.

పది ఇంచీలు ఎందుకు ఓడిపోతుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. పెట్టె లోపల 20 లీటర్ల గాలి ఉంది. పాత ఎనిమిది ఇంచీల స్పీకర్ సహజ పౌనఃపున్యం 35 హెర్ట్జ్, వీఏఎస్ 20 లీటర్లు, క్యూటీఎస్ 0.5 అనుకుందాం. వీఏఎస్‌ను పెట్టె లీటర్లతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీయాలి. ఇక్కడ వచ్చేది 1.41. దాంతో 35ను గుణిస్తే పెట్టెలో దాని పౌనఃపున్యం సుమారు 50 హెర్ట్జ్. క్యూటీఎస్‌ను గుణిస్తే 0.7. బేస్‌లో ఉబ్బు లేకుండా సాఫీగా మోగే స్థితి ఇది.

ఇప్పుడు పది ఇంచీలది పెడదాం. దాని సహజ పౌనఃపున్యం 30 హెర్ట్జ్, కాగితం మీద చూస్తే పాతదానికంటే మేలు. కానీ వీఏఎస్ 60 లీటర్లు. ఇదే లెక్క చేస్తే గుణకం 2 వస్తుంది. పౌనఃపున్యం 60 హెర్ట్జ్‌కు ఎక్కుతుంది, 0.5 ఉన్న క్యూ విలువ 1 అవుతుంది. అంటే లోతు తగ్గింది, 60 హెర్ట్జ్‌కు కాస్త పైన ఉబ్బు వచ్చింది. పాటలో తబలా, బేస్ గిటార్ వేరువేరుగా వినబడకుండా అంతా ‘గుమ్’మనే ఒకే మోతగా కలిసిపోతుంది.

గాలి బయటికి పోయే గొట్టం ఉన్న పెట్టెల్లో ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఆ గొట్టం పొడవు, వెడల్పు పాత స్పీకర్‌ను దృష్టిలో పెట్టుకుని కుదిర్చినవి. గొట్టం పౌనఃపున్యం కంటే కింది స్వరాలు వచ్చినప్పుడు కోన్‌కు వెనుక గాలి ఆసరా ఉండదు. అంత కదలికను తట్టుకోలేని స్పీకరైతే తీగచుట్ట దెబ్బతింటుంది. అదే మోత కోసం పౌనఃపున్యం సగానికి తగ్గినప్పుడల్లా కోన్ నాలుగింతలు కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర 1 మిల్లీమీటరు కదిలితే చాలినచోట 40 హెర్ట్జ్‌కు 4, 20 హెర్ట్జ్‌కు 16 మిల్లీమీటర్లు కావాలి. ఐదో సంఖ్య విలువ అక్కడ తెలుస్తుంది.

ఇక వాట్లు. స్పీకర్ మీద రాసిన వాట్లు అది కాలిపోకుండా ఎంత విద్యుత్తును తట్టుకుంటుందో చెబుతాయి. యాంప్లిఫయర్ 50 వాట్లదే అయితే 200 వాట్ల స్పీకర్ పెట్టినా అందేది ఆ 50 వాట్లే. ఒకవేళ శక్తిని రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి. వాట్ల మోజులో అసలు ప్రమాదం మరుగున పడుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్ ఉన్నచోట 4 ఓమ్‌లది పెడితే యాంప్లిఫయర్ నుంచి దాదాపు రెట్టింపు కరెంటు లాగుతుంది. దానికి తగ్గట్టు తయారుకాని యాంప్లిఫయర్ వేడెక్కి పాడవుతుంది.

మార్చడానికి ముందు

చాలాసార్లు కొత్త స్పీకర్ అవసరమే ఉండదు. కరెంటు తీసేసి, స్పీకర్ తీగలు విప్పి మల్టీమీటర్ పెడితే 8 ఓమ్‌ల స్పీకర్ సాధారణంగా 6 ఓమ్‌ల అటూఇటుగా చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే తీగచుట్ట కాలినట్టో తెగినట్టో. కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కినప్పుడు గీసుకుంటున్న చప్పుడు వస్తే చుట్ట పక్కకు ఒరిగిందని అర్థం. ఫోమ్ అంచు మాత్రమే పొడిపొడిగా రాలిపోతుంటే ఆ అంచు ఒక్కటి మారిస్తే చాలు. మన వాతావరణంలోని వేడికి, తేమకు ఫోమ్ ఎలాగూ ఎక్కువకాలం నిలవదు. డీజే సెట్ల పెద్ద స్పీకర్లకు కోన్, కాయిల్ మార్చి వాడుకోవడం మామూలే. ఇళ్లలోని సబ్‌వూఫర్లకు కూడా ఆ పద్ధతి రావాలి.

బేస్ చాలలేదన్నదే ఫిర్యాదైతే ముందు పెట్టె చోటు మార్చి చూడాలి. 12 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర నిలకడ తరంగం ఏర్పడుతుంది. మీరు కూర్చున్నది గది మధ్యలో అయితే ఆ స్వరం మీకు బాగా బలహీనంగా వినబడుతుంది. ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా ఆ లోటు తీరదు.

చట్టం ఎక్కడుంది?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ ప్రారంభించింది. అందులో ఎంచుకున్న నాలుగు రంగాల్లో గృహోపకరణాలు ఒకటి. ఫ్రాన్స్ 2021 జనవరిలోనే ఫోన్లు, టీవీలు, వాషింగ్ మెషీన్ల వంటి వాటిపై మరమ్మతు సూచీని ముద్రించడం మొదలుపెట్టింది. మన దగ్గర ఫ్రిజ్‌లు, ఏసీలపై విద్యుత్ పొదుపు తెలిపే నక్షత్రాల చీటీ వచ్చాక కొనేవారు దాన్ని చూసి ఎంచుకోవడం అలవాటైంది. సబ్‌వూఫర్‌కు ఐదు సంఖ్యల చీటీ అంతకంటే చిన్న పని.

ఇది వ్యాపార రహస్యమని కంపెనీలు అనవచ్చు. విడి స్పీకర్లు అమ్మే పేరున్న తయారీదారులు ఈ సంఖ్యలను దశాబ్దాలుగా బాహాటంగానే ముద్రిస్తున్నారు. పైగా ఇవి ఎవరైనా కొలవగలిగినవే. కోన్ మీద 22 గ్రాముల మైనం అంటించినప్పుడు సహజ పౌనఃపున్యం 30 నుంచి 25 హెర్ట్జ్‌కు పడిపోయిందనుకుందాం. 30ని 25తో భాగించి వర్గం చేస్తే 1.44. అందులోంచి ఒకటి తీసేసి, మిగిలిన 0.44తో 22ను భాగిస్తే కదిలే భాగం బరువు 50 గ్రాములని తేలుతుంది. వీఏఎస్‌కు దారి అక్కడి నుంచే. కావలసింది ఒక ల్యాప్‌టాప్, ఒక రెసిస్టర్, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. రహస్యం కానిదాన్ని దాచడం వల్ల కంపెనీకి కలిగే లాభం ఒక్కటే: పాతది బాగుపడదు, కొత్తది అమ్ముడవుతుంది.

కొనేవారిలో ఎందరు ఈ సంఖ్యలు చదువుతారన్న ప్రశ్న సమంజసమే. మందు చీటీ మీది రసాయనం పేరు కూడా అందరూ చదవరు, మందుల షాపులో చదివేవారు ఉంటే చాలు. కోఠిలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో విడి స్పీకర్లు అమ్మేవారికి, వీధి చివరి మెకానిక్‌కు ఆ సంఖ్యలు అందితే సరైన జోడీ కుదురుతుంది. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఈ కొలతను ఒక ప్రాక్టికల్‌గా పెడితే ఆ సంఖ్యలను చదవగల చేతులు కూడా తయారవుతాయి.

అప్పటిదాకా మీ వంతుగా ఒక పని చేయవచ్చు. పెట్టె లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి, వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. పాత స్పీకర్ ఇంపిడెన్స్ కూడా రాసుకోండి. ఆ రెండూ పట్టుకుని బజారుకు వెళ్లండి. వీఏఎస్ ఎంతో చెప్పలేని స్పీకర్‌ను, అది ఎన్ని ఇంచీలదైనా, కొనకండి.