హాప్స్ సంచి, సున్నపు లొట్టి

బీరులో హాప్స్ పూలు కలపడానికి ఎన్ని సాధనాలున్నాయో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మరిగే మాల్టు రసంలో వేలాడదీసే జాలీ సంచి ఒకటి. వేడి రసాన్ని పూల పొర గుండా వడగట్టే పాత్ర మరొకటి. పులిసిన బీరులోకి గాలి చొరకుండా కార్బన్ డయాక్సైడ్ సాయంతో హాప్స్ గుళికలను పంపేది ఇంకొకటి. హాప్స్ ఎంత, ఎప్పుడు, ఎంతసేపు రసానికి తగలాలో తయారీదారు చేతిలో ఉండాలన్నదే వీటన్నింటి ధ్యేయం. హాప్స్‌లోని చేదు ఆమ్లాలు రుచికే కాదు, లాక్టిక్ బాక్టీరియాను అదుపుచేసి నిల్వకూ తోడ్పడతాయి మరి.

హాప్స్ చలి ప్రాంతపు తీగ. మన దేశంలో దానిని లాహౌల్ లోయలో పండించారు. కొల్లాపూర్‌కు ఆ పంటతో పనిలేదు. అయితే రసాన్ని అదుపులో ఉంచే సమస్య అక్కడి ఈత, తాటి చెట్లపైనా ఉన్నదే. గీసిన చోటు నుండి రాత్రంతా లొట్టిలోకి కారే తియ్యని రసాన్ని ఈస్టులు, జైమోమోనాస్, లాక్టిక్ బాక్టీరియా తెల్లవారేసరికి కల్లుగా మార్చివేస్తాయి. నీరాగా దించాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి. ఎంత? గీత కార్మికుని చేతివాటమే కొలత. తక్కువైతే రసం పులుస్తుంది, ఎక్కువైతే రుచి చెడుతుంది. నిన్నటి లొట్టిని సరిగా కడగకపోతే సున్నమూ ఆదుకోదు.

2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ వెలిసింది. 2024 జూలైలో చెట్టెక్కేవారి భద్రత కోసం కాటమయ్య రక్షణ కవచం పథకం మొదలైంది. ఇది ఎప్పుడో రావలసింది. ఈ రెండింటి నడుమ ఉన్న లొట్టిని కూడా పట్టించుకోవాలి. కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి రసానికి మంచుగడ్డలతో చల్లబరిచే పెట్టెను రూపొందించింది. దానిని ఉన్నదున్నట్లు కొల్లాపూర్‌కు తెస్తే ప్రయోజనం సందేహాస్పదమే. మోకు, ముస్తాదు, కత్తి, లొట్టితో చెట్టెక్కే మనిషికి మంచు బరువు కూడా తోడైతే దానిని ఎన్నాళ్లు మోస్తాడు? వేసవిలో పల్లెకు రోజూ మంచు ఎవరు చేరుస్తారు?

తూచిన సున్నాన్ని జాలీ సంచిలో కట్టి లొట్టిలో వేలాడదీయడం, రసం దించగానే సంచిని తీసివేయడం పరీక్షించదగిన మార్గం. పెద్ద ఖర్చేమీ కాదు. రాబోయే శీతాకాలపు ఈత గీతలో, పూత పూసిన లొట్టి పక్కనే సంచి కట్టిన లొట్టిని ఉంచి, తెల్లవారుజామున రెండింటి ఆమ్లత్వాన్నీ పీహెచ్ కాగితంతో చూడవచ్చు. ఆ పరీక్ష ప్రయోగశాలలో కాక చెట్టు కింద, గీత కార్మికుల చేతనే జరగాలి. రుచి తీర్పు కూడా వారిదే కావాలి.