ఆటలకు స్పర్శ నేర్పుతున్నారు.. మన చేతుల సంగతేంటి?

వీడియో గేముల వ్యాపారంలోకి గల్ఫ్ డబ్బు పెద్ద ఎత్తున దిగింది. అమెరికా గేముల కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను 5,500 కోట్ల డాలర్లకు కొనేందుకు సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి మరో రెండు సంస్థలతో కలిసి 2025 సెప్టెంబరులో ఒప్పందం ప్రకటించింది. అంతకుముందు 2023 డిసెంబరులో, రియాద్ దగ్గర కడుతున్న కిద్దియా నగరంలో గేముల కోసమే ఒక ప్రాంతం కేటాయిస్తున్నట్టు చెప్పారు. తెర మీద జరిగేది ఒంటికి కూడా తెలిసేలా ‘హాప్టిక్’ ఏర్పాట్లు ఉంటాయన్నది ఆ ప్రకటనలో ఒక ఆకర్షణ.

ఆట ఆడుకునే తీరిక మనకెక్కడిది, ఈ గోల మనకెందుకు అనిపించవచ్చు. కానీ ఈ టెక్నాలజీ ఆటతో ఆగలేదు. ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లింది, క్రేన్ దగ్గరికి వచ్చింది. రేపు సైట్‌లో ఏ పని ఉంటుంది, ఏ పని పోతుంది అనే లెక్కకు దీనితో సంబంధం ఉంది. అందుకే మన పని వైపు నుంచి దీన్ని ఒకసారి చూద్దాం.

కళ్లు నమ్ముతాయి, చెయ్యి నమ్మదు

సైలెంట్‌లో పెట్టిన సెల్‌ఫోన్ జేబులో గుర్రుమంటుంది కదా, హాప్టిక్స్‌కు అదే ఓనమాలు. పాత ఫోన్లలో చిన్న మోటారుకు ఒక పక్కకు బరువు బిగిస్తారు. అది తిరిగితే ఫోన్ అదురుతుంది. 1997లో నింటెండో ‘రంబుల్ ప్యాక్’, సోనీ ‘డ్యూయల్‌షాక్’ ఈ అదురునే ఆటగాడి అరచేతిలోకి తెచ్చాయి. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ ఇంకో మెట్టు ఎక్కింది. ఆటలో విల్లు లాగుతుంటే దాని మీట కూడా వేలికి ఎదురు బిగుస్తుంది.

వర్చువల్ రియాలిటీలో చిక్కు వేరే. హెడ్‌సెట్ పెట్టుకుంటే చుట్టూ గోడలు, బల్లలు నిజంగా ఉన్నట్టే కనిపిస్తాయి. గోడ మీద చెయ్యి వేయబోతే మాత్రం చెయ్యి గోడలోంచి దూసుకుపోతుంది. కళ్లు నమ్మినదాన్ని చెయ్యి నమ్మదు. ఈ లోటు తీర్చడానికే ప్రత్యేక గ్లవ్స్ తయారు చేస్తున్నారు. అమెరికా సంస్థ హాప్ట్‌ఎక్స్ 2022లో ప్రకటించిన గ్లవ్స్‌లో ఒక్కో చేతికి 135 చోట్ల చర్మాన్ని నొక్కే బుల్లి గాలి బుడగలున్నాయి. వేళ్లు ముడవనీయకుండా పట్టి ఆపే ఏర్పాటు కూడా ఉంది. దీనికి గాలి అందించే పెట్టెను వీపుకు తగిలించుకోవాలి. జత ధర 5,495 డాలర్లుగా ప్రకటించారు, అంటే సుమారు 20,000 దిర్హామ్‌లు.

ఫేస్‌బుక్ యజమాని మెటా కూడా ఏడేళ్లు పరిశోధన చేసి 2021 నవంబరులో ఒక నమూనా గ్లవ్ చూపించింది. వీఆర్, ఏఆర్ పనులన్నీ చూసే ఆ కంపెనీ విభాగానికి 2024 ఒక్క ఏడాదిలో వచ్చిన నష్టం దాదాపు 1,770 కోట్ల డాలర్లు. అంత డబ్బున్న కంపెనీకే స్పర్శ లొంగలేదంటే అదెంత గట్టి పనో అర్థమవుతుంది.

ఆట నుంచి క్రేన్‌కు

స్పర్శ సాంకేతికత ఆట దాటి బయటికి వచ్చిన దాఖలాలు ఉన్నాయి. దూరంగా కూర్చున్న సర్జన్ వేళ్లకు లోపలి కండరం ఎంత బిగువుగా ఉందో తెలిపే ‘డా విన్సీ 5’ రోబోకు 2024 మార్చిలో అమెరికా అనుమతి వచ్చింది. మన రంగానికి వస్తే, జపాన్ నిర్మాణ సంస్థలు టకెనకా, కజిమా మరికొన్ని సంస్థలతో కలిసి టవర్ క్రేన్‌ను నేల మీది నుంచే నడిపే పద్ధతిని 2020లో ప్రకటించాయి. ఆపరేటర్ పైకి ఎక్కడు. కింద తెరల ముందు కూర్చుంటాడు. పైన క్రేన్ వంగినా, అదిరినా కింద అతని సీటుకు తెలుస్తుంది. క్రేన్ నడిపేవాడికి కళ్లతో పాటు నడుము కూడా పని చేస్తుందని వాళ్లు గుర్తించారన్నమాట.

ఇక్కడే మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. నేల మీది నుంచి నడిపే క్రేన్‌ను రేపు హైదరాబాద్‌లో కూర్చుని నడపలేరా? అప్పుడు వీసాలెందుకు, క్యాంపులెందుకు?

దీనికి జవాబు లెక్కలో ఉంది. గట్టి వస్తువు తగిలినట్టు చేతిని నమ్మించాలంటే యంత్రం సెకనుకు సుమారు 1,000 సార్లు సరిచూసుకుంటూ ఉండాలి. బొమ్మకైతే 90 సార్లు చాలు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి సుమారు 2,500 కిలోమీటర్లు. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే కబురు వెళ్లి రావడానికే కనీసం 25 మిల్లీ సెకన్లు. కావలసిందేమో ఒక్క మిల్లీ సెకను. ఇంత దూరాన కూర్చున్న చేతికి సుత్తి దెబ్బ, బోల్టు బిగువు ఉన్నదున్నట్టు అందవు. ఎంత డబ్బు పోసినా కాంతి వేగం పెరగదు.

అయితే క్రేన్ కదలిక నెమ్మది. దానికి మంచి చిత్రం, కాస్త కంపనం ఉంటే సరిపోతుంది. కాబట్టి నా అంచనా ఇది: చెయ్యి లీవర్‌ను పట్టుకునే పనులు ముందు దూరం జరుగుతాయి. క్రేన్, ఎక్స్‌కవేటర్, లోడర్ ఈ వరసలో ఉన్నాయి. చెయ్యి సరుకును పట్టుకునే పనులు చివరికి గానీ కదలవు. ప్లాస్టరింగ్ చేసే మేస్త్రి, స్టీల్ ఫిక్సర్, పైపు ఫిట్టర్, టైల్స్ వేసేవాడు ఈ రెండో వరస. తాపీ కింద సిమెంటు ఎంత ఆరిందో వేలితో పసిగట్టే మనిషికి 135 గాలి బుడగలు ఇప్పట్లో పోటీ రావు.

అదే అదురు, వేరే లెక్క

ఇక అసలు మాట. ఆటలో అదురు సరదా. సైట్‌లో అదురు జబ్బు. బ్రేకర్, గ్రైండర్, హ్యామర్ డ్రిల్లు ఏళ్ల తరబడి పడితే వేళ్ల నరాలు, రక్తనాళాలు దెబ్బ తింటాయి. మొదట తిమ్మిరి, తర్వాత చలికి వేళ్లు తెల్లబడడం, చివరికి చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టం. ముదిరాక పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు.

యూరప్‌లో 2002 నాటి ఆదేశం దీనికి హద్దు పెట్టింది. 8 గంటల పనికి కంపనం సగటు 2.5 దాటితే యజమాని జాగ్రత్తలు తీసుకోవాలి, 5 దాటనే కూడదు. ఈ కొలత సెకను వర్గానికి మీటర్లలో. కంపనం రెండింతలైతే అనుమతించే సమయం నాలుగో వంతుకు పడిపోతుంది. 10 కొలతతో అదిరే మెషిన్ అయితే అరగంటకే జాగ్రత్త మొదలు కావాలి, 2 గంటలకు ఆపెయ్యాలి. ఇది యూరప్ చట్టం, గల్ఫ్‌లో చెల్లదు నిజమే. కానీ అక్కడ అమ్మే మెషిన్ల మాన్యువల్‌లో ఈ అంకె ఉంటుంది, అవే మోడళ్లు మన సైట్లకూ వస్తాయి. ఫోర్‌మన్లు, సూపర్‌వైజర్లు ఆ పేజీ తెరిచి, మనుషుల్ని మార్చి మార్చి పెడితే సగం నష్టం తప్పుతుంది. మాన్యువల్ అంకె కంటే అసలు పనిలో అదురు ఎక్కువే ఉండొచ్చని కూడా గుర్తుంచుకోవాలి.

ఆటగాడి అరచేతి అదురు మీద కోర్టులే నడిచాయి. పేటెంట్లున్న ఇమ్మర్షన్ అనే సంస్థ 2002లో సోనీ మీద దావా వేస్తే, 2004లో జ్యూరీ 8.2 కోట్ల డాలర్లు కట్టమంది. 2007లో వాళ్లు రాజీ పడ్డారు. నకిలీ స్పర్శకు అంత వెల కట్టారు. బ్రేకర్ పట్టి వేళ్లు మొద్దుబారినవాడు మాత్రం కాంట్రాక్టు ముగిశాక మామూలుగా విమానమెక్కి ఊరికి వెళ్లిపోతాడు. ఆ నష్టం ఏ కాగితం మీదా ఉండదు.

కాబట్టి మనవాళ్లకు రెండు మాటలు. లీవర్ పని చేసేవాళ్లు సిమ్యులేటర్ శిక్షణ దొరికితే వదలొద్దు, రేపు కింది సీటు కూడా అనుభవం ఉన్నవాడికే దక్కాలి. అదిరే మెషిన్ పట్టేవాళ్లు తిమ్మిరి మొదలైన వారమే క్లినిక్‌కు వెళ్లి, ఏ మెషిన్, రోజుకు ఎన్ని గంటలు అన్నది డాక్టర్‌తో రాయించుకుని కాపీ దగ్గర పెట్టుకోండి. కోట్లు పోసినా యంత్రానికి ఇంకా పట్టుబడని విద్య మన వేళ్లలో ఉంది. అది ఉన్నప్పుడే కాపాడుకోవాలి.