సెన్సర్లు సరే, చెరకేదీ?

మెదక్ పక్కనే ఉన్న మంబోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అదే సంస్థకు చెందిన బోధన్, ముత్యంపేట యూనిట్లకూ అదే గతి పట్టింది. మళ్లీ తెరిచే మాట వచ్చినప్పుడల్లా, కంప్యూటర్లతో నడిచే కొత్త యంత్రాలు పెడితే లాభాలు వాటంతట అవే వస్తాయని నమ్మేవారికి కొదవ ఉండదు. ఆ నమ్మకంలో సగమే నిజం.

ఆ సగం చిన్నదేమీ కాదు. చక్కెర ఫ్యాక్టరీ జాతకం రికవరీలో ఉంటుంది. టన్ను చెరకుకు ఎంత చక్కెర దిగిందన్న లెక్క అది. నరికిన చెరకు గానుగకు చేరడం ఆలస్యమైన కొద్దీ అందులో తీపి తగ్గిపోతుంది. ఉత్తరప్రదేశ్‌లో కటింగ్ ఆర్డర్లు ఇప్పుడు రైతుల ఫోన్లకే వస్తున్నాయి. దానికి ఖరీదైన రోబోలు అక్కర్లేదు, ఒక యాప్ చాలు. ఏ రోజు నరకాలో ముందే తెలిస్తే చెరకు తాజాగా చేరుతుంది, ట్రాక్టర్లు గేటు ముందు పడిగాపులు కాయవు. అలా రికవరీ 9 శాతం నుంచి 9.5కు పెరిగిందనుకుందాం. లక్ష టన్నులు ఆడితే 500 టన్నుల చక్కెర అదనం. 2019లో కేంద్రం ఖరారు చేసిన కనీస అమ్మకం ధర, కిలోకు 31 రూపాయల చొప్పున లెక్కేసినా కోటీ 55 లక్షలు! రికవరీ 9.5 దాటనంతవరకు రైతుకిచ్చే కనీస ధర మారదు కాబట్టి, అందులో ఎక్కువ భాగం ఫ్యాక్టరీకే మిగులుతుంది.

అయితే లక్ష టన్నుల చెరకు ఉండాలి కదా? ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ చుట్టుపక్కల చెరకు వదిలి వరికి మళ్లినవారే ఎక్కువ. ఆడటానికి చెరకు లేకపోయినా అప్పు మీద వడ్డీ ఆగదు, తరుగుదల ఆగదు. ఆదాయపు పన్ను లెక్కల్లో మామూలు యంత్రాలకు ఏటా 15 శాతం, కంప్యూటర్లకు 40 శాతం తరుగుదల. మొదటి ఏళ్లలో లాభం పలచగా కనబడటానికి ఇదీ ఒక కారణం.

కొత్త యంత్రాలు గిట్టుబాటు కాని దెబ్బ పెద్ద కంపెనీలకూ తప్పలేదు. అడిడాస్ జర్మనీలోని ఆన్స్‌బాక్‌లో, అమెరికాలోని అట్లాంటాలో రోబోలతో బూట్లు కుట్టే ‘స్పీడ్‌ఫ్యాక్టరీ’లు పెట్టి, 2020లో రెంటినీ మూసేసింది. ఆ పరిజ్ఞానాన్ని ఆసియాలోని సరఫరాదారుల దగ్గరికి తరలించింది.

మళ్లీ మెదక్ జిల్లాకే వస్తే, మనోహరాబాద్‌లో 2023లో ఐటీసీ పెద్ద ఆహార ఉత్పత్తుల కర్మాగారం తెరిచింది. అక్కడ ఆధునిక యంత్రాలకు గిట్టుబాటు ఉంటుంది. పిండి, బిస్కెట్లకు పేరున్న బ్రాండ్లున్నాయి, దేశమంతా అమ్మే యంత్రాంగం ఉంది, పక్కనే జాతీయ రహదారి ఉంది. లైను ఖాళీగా ఉండే రోజులు తక్కువ. పక్కనే ఉన్న కాళ్లకల్ షెడ్లలోని చిన్న యూనిట్లు దాన్ని చూసి అప్పు చేసి రోబోలు కొంటే మునుగుతాయి. ఏ యంత్రం రోజుకు ఎన్ని గంటలు ఆగుతోంది, కరెంటు ఎక్కడ వృథా అవుతోంది అని కొలిచే మీటర్లతో మొదలుపెట్టడం వాటికి మేలు. పెట్టుబడి తక్కువ, ఫలితం బిల్లులోనే తెలుస్తుంది. ఆ మీటర్లను చదవగల ఆపరేటర్‌కు శిక్షణ ఇప్పించడం కూడా పెట్టుబడే. చాలామంది యజమానులు మిగుల్చుకోవాలని చూసేది మాత్రం సరిగ్గా ఆ ఖర్చే.

మంబోజిపల్లిని తెరవాలనుకుంటే, యంత్రాలకు టెండరు పిలిచేముందు ప్రభుత్వం చుట్టుపక్కల మండలాల్లో సర్వే చేయించాలి. ఎందరు రైతులు, ఎన్ని ఎకరాల్లో, ఏ ధరకైతే మళ్లీ చెరకు వేస్తారో ఆ లెక్కను ముందు బయటపెట్టాలి.