మన హాస్టళ్లకు బర్నబాలు కావాలి

వార్షికోత్సవ సంచిక అంటే మన విజయాల పట్టిక. ఎవరికి డీఎస్సీలో పోస్టు వచ్చింది, ఎవరు కానిస్టేబుల్ సెలక్షన్లలో నెగ్గారు, ఎవరు యూనివర్సిటీ మెట్లెక్కారు, టెన్త్‌లో ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయి... ఇవన్నీ రాసుకోవాలి. కూలికి వెళ్లే అమ్మానాన్నల పిల్లలం సాధించినవి గనుక గర్వంగా రాసుకోవాలి. ఇందులో మాకు భేదాభిప్రాయం లేదు. కానీ మిత్రులారా, ఈ పట్టికలో లేని పేర్ల సంగతేమిటి? మనతో పాటు ఒకే గదిలో ట్రంకు పెట్టె పెట్టుకుని, ఒకే వరుసలో పళ్లెం పట్టుకుని నిలబడి, ఒక్క పరీక్ష తప్పగానే ఇంటికి వెళ్లి మళ్లీ తిరిగిరాని వాళ్ల గురించి ఎవరు రాస్తారు? విశ్వాసం గురించి, నిత్య జీవితంలో అది ఇచ్చే ధైర్యం గురించి రాయాలనుకున్నప్పుడు మాకు ముందుగా వాళ్లే గుర్తొచ్చారు.

మనలో చాలామందికి డిసెంబరు 31 రాత్రి ఆరాధన తెలుసు. పన్నెండు దాటాక అయ్యగారు ప్రార్థన చేసి, పళ్లెంలో పెట్టిన వాగ్దాన కార్డులు ఒక్కొక్కరికీ ఇస్తారు. చదువు రాని అమ్మలు కూడా ఆ కార్డు పిల్లలచేత చదివించుకుని కళ్లకద్దుకుంటారు. మనం దాన్ని తెచ్చి పెట్టె మూతకు లోపలివైపు అంటించుకుంటాం. పుస్తకం కోసం పెట్టె తెరిచినప్పుడల్లా ఆ మాట కనిపిస్తుంది. ఇది మంచి అలవాటే. చీకటి రోజుల్లో ఒక మంచి మాట ఎంత బలమో మాకు తెలుసు.

చిక్కల్లా ఆ కార్డును హాల్ టికెట్టు అనుకోవడంతో వస్తుంది. నమ్మితే ర్యాంకు, ఉపవాసం ఉంటే ఉద్యోగం అని చెప్పే ప్రసంగాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. సాక్ష్యాల సమయంలో పాసైన వాళ్లే ముందుకొచ్చి మైకు పట్టుకుంటారు. తప్పినవాడు వెనకాల చెప్పుల దగ్గర కూర్చుని తల దించుకుంటాడు. చివర్లో ఎవరో ఒకరు వచ్చి, “నీ విశ్వాసం చాలలేదు తమ్ముడూ” అంటారు. పరీక్ష కొట్టిన దెబ్బ ఒకటి, ఈ మాట కొట్టే దెబ్బ ఇంకొకటి. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు కొన్ని చేసేదీ ఇదే. అనుకుంటే ఏదైనా సాధిస్తావు, సాధించలేదంటే నువ్వు గట్టిగా అనుకోలేదు అంటాయి. అర్ధాకలితో చదివినవాడినీ, ఏసీ గదిలో కోచింగ్ తీసుకున్నవాడినీ ఒకే గీత దగ్గర నిలబెట్టి పరుగెత్తమంటాయి.

యేసు ఇలా చెప్పలేదు. దేవుడు మంచివారి మీదా చెడ్డవారి మీదా ఒకేలా ఎండ కాయిస్తాడని, వాన కురిపిస్తాడని కొండమీది ప్రసంగంలో చెప్పాడు. మన ప్రాంతం వాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడితోటలు నేలకూలాయి. ప్రార్థన చేసేవాడి చెట్టూ పడింది, చెయ్యనివాడి చెట్టూ పడింది. ఏళ్ల తరబడి పెంచుకున్న చెట్టు ఒక్క రాత్రిలో పడిపోతే అది ఆ రైతు విశ్వాసలోపం అనగలమా? చెట్టు ఎందుకు పడిందని ప్రశ్నలడిగే వాడికన్నా, మర్నాడు గొడ్డలి పట్టుకుని వచ్చి దారికడ్డంగా పడిన మాను తొలగించినవాడే ఆ రైతుకు ధైర్యం ఇచ్చినవాడు. పరీక్ష తప్పిన వాడి విషయంలోనూ అంతే.

ఇక్కడ బైబిలులోని ఒక మనిషిని మీకు పరిచయం చెయ్యాలి. ఆయన పేరు మీద ప్రసంగాలు తక్కువ. అపొస్తలుల కార్యముల గ్రంథం నాలుగో అధ్యాయంలో కుప్ర దీవిలో పుట్టిన యోసేపు అనే ఆయన వస్తాడు. అపొస్తలులు ఆయనకు బర్నబా అని పేరు పెట్టారు. మన తెలుగు బైబిలు ఆ పేరుకు ఇచ్చిన అర్థం ‘హెచ్చరిక పుత్రుడు’. ఇంగ్లీషు బైబిళ్లలో పాతది ఓదార్పు అంటే, కొత్తవి ప్రోత్సాహం అన్నాయి. గ్రీకు మూలంలోని మాటలో ఈ మూడు అర్థాలూ ఉన్నాయి. పక్కకు పిలవడం అనే భావం నుంచి పుట్టిన మాట అది. మాకు మన తెలుగు మాటే నచ్చింది. హెచ్చరిక అంటే తియ్యగా పొగడటం కాదు. పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పడం, చెప్పి వదిలెయ్యకుండా కూడా ఉండటం.

బర్నబా ఏం చేశాడో చూడండి. తన పొలం అమ్మి ఆ డబ్బు లేనివాళ్ల కోసం తెచ్చి ఇచ్చాడు. నిన్నటిదాకా విశ్వాసులను హింసించిన సౌలు మారి వస్తే, యెరూషలేములో ఎవరూ నమ్మక భయపడితే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఇతనికి నాదీ పూచీ అన్నట్టు నిలబడ్డాడు. ఆ సౌలే తర్వాత పౌలు అయ్యాడు. మార్కు అనే యువకుడు మొదటి ప్రయాణంలో మధ్యలోనే వదిలేసి ఇంటికి వెళ్లిపోయాడు. అంటే మన భాషలో డ్రాపౌటు! రెండోసారి ప్రయాణానికి అతన్ని తీసుకెళ్లడానికి పౌలంతటివాడు ఒప్పుకోలేదు. బర్నబా మాత్రం పౌలుతో విడిపోవడానికైనా సిద్ధపడ్డాడు గానీ ఆ కుర్రవాడిని వదల్లేదు. ఆ తర్వాత చాలా కాలానికి పౌలే తన ఉత్తరంలో మార్కును వెంటబెట్టుకు రమ్మని, అతను తనకు పనికొస్తాడని రాశాడు. మార్కు సువార్త రాసింది ఈయనేనని క్రైస్తవ సంప్రదాయం చెబుతుంది. మొదటిసారి తప్పినవాడికి రెండోసారి అవకాశం ఇచ్చిన ఫలితం అది.

ఇదంతా ఎప్పటిదో, ఎక్కడిదో అనుకోవద్దు. మన సోంపేటలోని ఆరోగ్యవరం ఆసుపత్రి సంగతి పెద్దవాళ్లను అడగండి. కెనడా బాప్టిస్టు మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ బెన్ గల్లిసన్ అక్కడ పేదలకు కంటి ఆపరేషన్లు చేశారు. ఆ కాలంలో శుక్లాల ఆపరేషన్ అయిన మనిషి కళ్లకు కట్టుతో రోజుల తరబడి కదలకుండా పడుకోవాలి. డాక్టరు చెయ్యి ఎంత మంచిదైనా, తాగడానికి నీళ్లందించి పక్కన కూర్చునే మనిషి లేకపోతే ఆ రోజులు గడవవు. 1963లో గల్లిసన్ కెనడాలోని కాల్గరీ నగరంలో ఈ పని గురించి చెబితే విని ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి కదిలిపోయాడు. అలా మొదలైన సాయమే ఆపరేషన్ ఐసైట్ అనే అంతర్జాతీయ సంస్థ అయింది. సముద్రం ఒడ్డున ఉన్న మన చిన్న ఊరి నుంచి ఎన్నో దేశాల వాళ్లకు వెలుగు వెళ్లింది.

సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రిదీ ఇలాంటి కథే. ఆ ఊరు 2022 దాకా విజయనగరం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. కుష్ఠు రోగులను ఊరివాళ్లు వెలివేసిన రోజుల్లో అక్కడ వాళ్లను ముట్టుకుని కట్లు కట్టారు. ఇప్పుడు మందులతో ఆ జబ్బు పూర్తిగా నయమవుతుంది. నయమైన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టడమే ఇంకా కష్టంగా ఉంది. ‘ఫెయిల్’ అనే మాట కూడా మన ఊళ్లలో అలాంటి మచ్చే. సప్లిమెంటరీలో పాసైనా ఆ పేరు పోదు.

దీన్ని చిన్న విషయం అనుకోవడానికి లేదు. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లోనే తొమ్మిది మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. వాళ్లలో మన శ్రీకాకుళం జిల్లా విద్యార్థి కూడా ఉన్నాడు. ఆ ఏడు సప్లిమెంటరీ పరీక్షలు నెల తిరక్కుండానే మే చివర్లో జరిగాయి. ఒక్క నెల! ఆ నెల రోజులు పక్కన కూర్చుని, “ఏటవుద్దిరా తమ్ముడా, మళ్లీ రాద్దుం” అనే అన్న ఒకడుంటే బాగుండేదని మాకు అనిపిస్తుంది. ఉన్నా ఏం జరిగేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఉండటం మన చేతిలో పని.

“మనకే దిక్కులేదు, ఇంకొకరికి మనమేం చేస్తాం” అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బర్నబాకు అమ్మడానికి పొలం ఉంది. మనకు లేదు. కానీ మన దగ్గర ఒకటుంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా నడిచిన మాలాంటి వాళ్లకు దారి తెలుసు. సప్లిమెంటరీ ఫీజుకు ఆఖరి తేదీ ఎప్పుడు, రీకౌంటింగ్‌కు ఎలా దరఖాస్తు చెయ్యాలి, ఓపెన్ స్కూలు అంటే ఏమిటి, స్కాలర్‌షిప్పు ఆగితే ఎవరిని కలవాలి... ఇవి మన అమ్మానాన్నలకు తెలియవు. చదువుకున్న ఇళ్లలో పిల్లలకు ఇవి భోజనాల దగ్గరే తెలిసిపోతాయి. మన పిల్లలకు మనమే చెప్పాలి. తెలిసిన దారి చెప్పడం ఖర్చులేని పొలం అమ్మకం.

అందుకే మా అభిప్రాయం నాలుగు మాటల్లో చెబుతాం. మొదటిది, ఫలితాల రోజున సీనియర్లు పాసైన వాళ్ల దగ్గరకు స్వీట్ల కోసం వెళ్లే ముందు తప్పిన వాళ్ల దగ్గరకు వెళ్లాలి. ఆ రాత్రి వాళ్లను ఒంటరిగా వదలకూడదు. మాట మరీ బరువైతే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఫోను కలిపి ఇచ్చి పక్కనే ఉండాలి, వార్డెన్ గారికీ చెప్పాలి. రెండోది, స్టడీ అవర్లో లెక్కలు వచ్చినవాడు రానివాడికి రోజూ అరగంట ఇవ్వాలి. చెప్పినవాడికీ లెక్క గట్టిపడుతుంది. మూడోది, హెచ్చరించాలి. తమ్ముడు అర్ధరాత్రి దాకా ఫోను చూస్తుంటే, చీటీలు రాసుకుంటుంటే నవ్వి ఊరుకోకూడదు. నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి చెప్పాలి. నాలుగోది పూర్వ విద్యార్థులకు మనవి. అన్నలూ, అక్కలూ! వార్షికోత్సవానికి వచ్చి సన్మానం అందుకోండి, మాకూ సంతోషం. ఫలితాలు వచ్చిన వారంలో కూడా ఒకసారి రండి. మీలో టెన్త్ తప్పి మళ్లీ రాసినవాళ్లుంటే ముందుగా వాళ్లే మాట్లాడండి. మీ ఉద్యోగం కన్నా మీ సప్లిమెంటరీ కథ మా పిల్లలకు ఎక్కువ బలం.

మరొక్క మాట. మన హాస్టల్లో ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లున్నారు, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వెళ్లేవాళ్లున్నారు, ఏ గుడికీ వెళ్లనివాళ్లూ ఉన్నారు. ఇది ప్రభుత్వ హాస్టలు, అందరి ఇల్లు. పక్కవాడికి లెక్క చెప్పేటప్పుడు వాడి దేవుడెవరని అడగకూడదు. సాయం గాలానికి గుచ్చిన ఎర కాకూడదు. యేసు చెప్పిన కథలో దారిన పడి ఉన్నవాడిని ఎత్తుకెళ్లిన సమరయుడు అతని కులం గానీ, మతం గానీ అడగలేదు. గాయం కట్టి, సత్రంలో చేర్పించి, ఖర్చు తానే పెట్టుకున్నాడు.

మన విశ్వాసం మార్కుల జాబితాలో కనిపించకపోవచ్చు. సోమవారం ఉదయం నీళ్ల ట్యాంకు దగ్గర, మెస్సు వరుసలో, రాత్రి స్టడీ అవర్లో కనిపించాలి. పెట్టె మూత మీద వాగ్దాన కార్డు అలాగే ఉండనివ్వండి. దాని కింద ఒక పేరు రాసుకోండి. ఈ ఏడాది మన గదిలో ఎవరి పక్కన కూర్చోవాలో ఆ పేరు. వచ్చే ఏడాది సంచికలో విజయాల పట్టిక ఇంకా పెద్దదవ్వాలి. అందులో రెండోసారి రాసి గెలిచినవాళ్ల పేర్లు కూడా ఉండాలని మా కోరిక, మా ప్రార్థన.